చెమట ఎవరికి పట్టింది

ఆయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కొట్లో ఒక రోయింగ్ మెషీన్ పెట్టె విప్పుతున్నాను. సరేనని ఫోన్ పెట్టేసి, మిగిలిన టేపు కూడా కోసి, పెట్టె మూతను బొమ్మ కిందికి వచ్చేలా నేల మీద బోర్లించాను. అప్పుడు గానీ కూర్చోలేదు. మూత బోర్లించడం నాకు ఆయన దగ్గర అంటిన అలవాటు.

"బొమ్మ చూడమాక, ఇంజినీరూ," అనేవారు. "బొమ్మ అమ్మేవాడిది. పేరు కూడా అమ్మేవాడిదే. అది ఏం చేసిద్దో చెప్పు ముందు."

నరసరావుపేటలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. హార్బర్ మామ అంటే తెలుసు. చెన్నై హార్బర్లో ఒక కస్టమ్స్ బ్రోకర్ దగ్గర గుమాస్తాగా జీవితమంతా పనిచేసి, చివరికి సొంతూరు వచ్చేసి మసీదు పక్క సందులో ఉండేవారు. విదేశం నుంచి దిగే ప్రతి వస్తువుకూ ప్రభుత్వ సుంకాల పుస్తకంలో ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరును బట్టే సుంకం. నంబరు తప్పితే సరుకు హార్బర్లో ఆగుతుంది. ఏ వస్తువుకు ఏ నంబరో తేల్చి చెప్పడం ఆయన పని. బోర్డు లేదు, లైసెన్సు లేదు. కాగితాలు దాఖలు చేసే బ్రోకర్లు చెన్నైలో వేరే ఉన్నారు. అయినా మా ఊళ్ళోనూ చిలకలూరిపేటలోనూ చైనా సరుకు తెప్పించే నలుగురైదుగురు వ్యాపారులు ముందు ఆయన వసారాలో కూర్చుని అడిగి వెళ్ళేవారు. ఆయన చెప్పిన నంబరు తప్పిందని చాలా ఏళ్ళపాటు ఎవరి నోటా రాలేదు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి శెట్టిగారి కొట్లో చేరాను. వాళ్ళ నాన్నగారి కాలంలో అది మిరపకాయల గోతాలు, టార్పాలిన్ల కొట్టు. శెట్టిగారు దాన్ని ఇంట్లో చేసుకునే వ్యాయామ సామాను కొట్టుగా మార్చారు. మెషీన్లు బిగించడం, చెడితే బాగుచేయడం, చైనా కంపెనీకి మెయిళ్ళు రాయడం నా పనులు. ఇవి కాక, కొత్త సరుకు తెప్పించే ముందు దాని లక్షణాలు జాబితాగా రాసి మామ దగ్గరకు తీసుకెళ్ళడం. ఆయనకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కు భయపడేవారు. మాన్యువల్‌లోని చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనపడేవి కావు. నేను చదివితే వినేవారు.

వసారాలో ఒక ఇనప బల్ల, దాని మీద సుంకాల పుస్తకం. పుస్తకం చూస్తే దిండులా ఉబ్బి ఉండేది. ప్రతి బడ్జెట్ తర్వాతా మారిన పంక్తులను వేరే కాగితం నుంచి కత్తిరించి, పాత పంక్తుల మీద మైదా జిగురుతో అంటించేవారు. కొన్ని చోట్ల ఆరేడు పొరలు. పై పొరను గోటితో లేపి కింద ఏముందో చూపించేవారు. ఆ కుడి బొటనవేలి గోరు మధ్యకు చీలి ఉండేది. ఎప్పుడో పెట్టెకు కట్టిన ఇనప పట్టీ తెంచుతుంటే చీలిందట. మళ్ళీ అతుక్కోలేదు. ఫోన్లో మొత్తం పుస్తకం దొరుకుతుంది మామా అని ఒకసారి అన్నాను.

"దొరికిద్ది. నిన్న ఏముందో నీ ఫోన్ చెప్పిద్దా?"

ఆయన ఎప్పుడూ 'తెలుసు' అనేవారు కాదు. 'విప్పు' అనేవారు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న వస్తువైనా సరే, పెట్టెలోంచి తీసి, నేల మీద పెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగుభాగం తడిమి చూసేవారు. తర్వాత కుర్చీలో కూర్చుని, తెచ్చినవాణ్ణి దాన్ని వాడి చూపించమనేవారు. డంబెల్స్ తెస్తే ఎత్తాలి. రబ్బరు పట్టీ తెస్తే లాగాలి.

మొదటిసారి మేము ట్రెడ్‌మిల్ తీసుకెళ్ళిన రోజు గుర్తుంది. అది బరువైన యంత్రం. ట్రాలీ ఆటోలో వేసుకుని నేనూ శెట్టిగారూ వెళ్ళాం. నంబరు విషయంలో శెట్టిగారికి ఒక ఆశ ఉంది.

"మామా, ఇది మోటారు గదా తిప్పేది. మనిషి ఊరికే నిలబడితే చాలు. దీన్ని వైద్యం కింద వేస్తే సుంకం తగ్గిద్దంట గదా?"

"ఎవరన్నారు?"

"చెన్నై ఆయన, మన బ్రోకరు."

"చెన్నై ఆయన ఎక్కాడా దీని మీద?"

"ఆయనెందుకు ఎక్కుతాడు?"

"నువ్వెక్కు శెట్టీ."

శెట్టిగారు పంచె ఎగ్గట్టి ఎక్కారు. మామ నన్ను స్విచ్ వేయమన్నారు. రెండు నిమిషాలు నెమ్మదిగా, తర్వాత కాస్త వేగంగా. లోపలి నుంచి అత్త, అంటే మామ భార్య, గుమ్మంలోకి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురింటి పిల్లలు గేటు పట్టుకుని వేలాడారు. శెట్టిగారు ఆపమని చెయ్యి ఊపుతున్నా మామ నా వైపు చూసి, ఉండనీ అన్నట్టు వేలు చూపించారు. పది నిమిషాలకు దించారు. శెట్టిగారి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇప్పుడు చెప్పు. చెమట ఎవరికి పట్టింది? మోటారుకా, నీకా?"

"నాకే," అన్నారు శెట్టిగారు రొప్పుతూ.

"మరైతే పని చేసింది నువ్వు. మోటారు నేలని జరిపింది, అంతే. తొంభై అయిదు సున్నా ఆరు. రాసుకో ఇంజినీరూ. వ్యాయామ సామాను."

ఆ తర్వాత నడుముకు కట్టుకునే మసాజ్ పట్టీ చూపించాం. దాన్ని నాకు కట్టి కూర్చోబెట్టారు. అది వణికింది, నేను కూర్చున్నాను. "నీకేమన్నా పట్టిందా?" అని నా మెడ తడిమి చూశారు. పట్టలేదు. "ఇది తొంభై పందొమ్మిది. వైద్యం వైపు. దీనికి తక్కువ కట్టుకో శెట్టీ, నీ అదృష్టం." ఆ పరీక్ష పుస్తకంలో ఎక్కడా లేదు. కానీ నేను తర్వాత ఎన్నోసార్లు పుస్తకంతో సరిపోల్చి చూశాను. పరీక్షా పుస్తకమూ ఒకే చోటికి వచ్చేవి. అన్నిసార్లూ అనలేను. ఒక్కసారి రాలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

పని లేనప్పుడు కూడా ఆయన కళ్ళకు వస్తువులన్నీ నంబర్లుగానే కనిపించేవి. ఒక పెళ్ళిలో నా పక్కన నడుస్తూ వడ్డించే గరిటె నుంచి కుర్చీల దాకా చెప్పుకుంటూ పోయారు. పందిట్లో ఊదే యంత్రం దగ్గర ఆగి, అది ఫ్యానా, పొగమంచు చల్లేదా అని వాళ్ళతో వాదించి, భోజనానికి మూడో బంతికి గాని కూర్చోలేదు.

అత్త ఒకసారి టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతూ అడిగింది, "ఇన్నిటికీ నంబర్లు ఇస్తావు గదా. నన్నెందులో ఏశావు?"

"ఇతరములు," అన్నారు ఆయన తల ఎత్తకుండా. ప్రతి అధ్యాయం చివరా, పైన చెప్పినవేవీ కానివాటికి ఆ గడి ఉంటుంది.

"ఇతరములా! ఇన్నేళ్ళు వండిపోస్తే ఇతరములా! చూశావా అబ్బాయ్ మీ మామ మాట?"

"తక్కువనుకోమాక. ఇతరముల్లోకి రావాలంటే పైనున్న గడులన్నీ దాటుకుని రావాల. ఏ గడీ పట్టకపోతేనే వచ్చేది."

అత్త ఇంకేదో అనబోయి, నవ్వొచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఏడాదే ఆమెకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి. చెయ్యి కొంత వచ్చింది. కాలు రాలేదు. మామ వసారాలోకి రావడం తగ్గింది. వచ్చినా చెవి లోపలి గదివైపే ఉండేది.

శెట్టిగారు కొత్త సరుకు తెప్పించే ఆలోచనలో ఉన్నారు. కుర్చీ ముందు పెట్టుకునే చిన్న పెడల్ యంత్రం. కాళ్ళు పట్టీలతో పెడళ్ళకు బిగిస్తే మోటారు తిప్పుతుంది. రొంపిచెర్ల, నకరికల్లు వైపు నుంచి వచ్చే రైతులు పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళ కోసం అలాంటిది ఉందా అని అడుగుతూ ఉండేవారు. మా కొట్లో దానికి సరుకు రాకముందే పక్షవాతం సైకిల్ అని పేరు పడిపోయింది. కొరియర్లో ఒక నమూనా వచ్చింది. శెట్టిగారు దాన్ని నేరుగా మామ ఇంటికి పంపారు. "ఆమె వాడి చూస్తది, ఆయన నంబరు చూస్తాడు. రెండు పనులూ అయిపోతయ్యి," అన్నారు.

నేను జాబితా తయారు చేశాను. పద్నాలుగు అంశాలు. మోటారు సామర్థ్యం, వేగాల సంఖ్య, పెడల్ వ్యాసార్థం, పట్టీల రకం, రెండు దిక్కులా తిరగడం, ఇంకా అలాంటివి. మాన్యువల్ చివరి పేజీలో జాగ్రత్తలు ఉన్నాయి. జాగ్రత్తలు లక్షణాలు కావు కాబట్టి నా జాబితాలో వాటికి చోటు లేదు. ఆ పేజీ నేను చదవనే లేదు.

ఆ మధ్యాహ్నం మామ నా పద్నాలుగు అంశాలూ విన్నారు. బొమ్మ ఊసెత్తలేదు. తిరగేసి అడుగుభాగం తడమలేదు. లోపలి గదిలో కుర్చీలో కూర్చున్న అత్త కాలు గుండ్రంగా తిరుగుతోంది. ఆమె కిటికీలోంచి చూస్తోంది. కాలు తనది కానట్టు ఉంది. మామ గుమ్మంలో నిలబడి ఆ పాదాన్నే చూశారు. చాలాసేపు.

"చెమట పట్టలా," అన్నారు. "అదే తిప్పుతుంది. ఆమె ఏం చెయ్యట్లా. తొంభై పందొమ్మిది. వైద్యం. రాసుకో."

రాసుకున్నాను. కాగితాల్లో వస్తువు వర్ణన నేనే రాశాను, పక్షవాత రోగులకు కాలి కదలికల చికిత్స యంత్రం అని. కొట్లో అందరూ అనే మాటే.

నూట ఇరవై పెట్టెలు చెన్నైలో ఆగిపోయాయి. హార్బర్ నుంచి రెండు ప్రశ్నలతో కాగితం వచ్చింది. వైద్య పరికరమైతే దిగుమతి అనుమతి ఏది? వైద్య పరికరం కాదని పెట్టెలోని మాన్యువల్లోనే రాసి ఉండగా చికిత్స యంత్రమని ఎందుకు రాశారు?

శెట్టిగారు ఆ కాగితాన్ని నా ముందు గల్లా మీద పరిచారు.

"ఎవడు రాశాడు ఈ వర్ణన?"

"నేనేనండీ."

"చెన్నై ఆయన ఫోన్ చేశాడు. కావాలని తక్కువ కట్టడానికి రాశామని అంటున్నారంట. పొరపాటని చెప్పుకోవాలంటే ఎవరి పొరపాటో పేరు పెట్టాలంట. కుర్రాడు తెలవక రాశాడు, వాణ్ణి తీసేశాం అని రాస్తే పోద్దంట." కాగితం మడుస్తూ, "నాకేం సరదా కాదురా," అన్నారు. "నూట ఇరవై పెట్టెలు. వాళ్ళు పట్టుకుపోతే కొట్టు మూసెయ్యాల."

నాకు జీతం పోతుందన్న భయం కంటే పెద్ద భయం ఇంకొకటి. హార్బర్ దస్త్రంలో తప్పుడు వర్ణన రాసినవాడిగా పేరు ఎక్కితే ఇంక ఏ దిగుమతి కొట్లోనూ, ఏ బ్రోకర్ దగ్గరా నన్ను పెట్టుకోరు. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఒక రోజు గడువు అడిగి మామ దగ్గరకు వెళ్ళాను.

ఆయన కాగితం చదవమన్నారు. చదివాను. తర్వాత మాన్యువల్ చివరి పేజీ చదవమన్నారు. చదివాను. ఇది ఇంట్లో సాధారణ వ్యాయామానికి మాత్రమే, ఏ జబ్బుకూ చికిత్సగా వాడరాదు, వైద్యుల పర్యవేక్షణలో వాడే పరికరం కాదు. లోపల మోటారు చప్పుడు వినిపిస్తోంది. మధ్యలో అది ఆగింది.

"పుస్తకంలో ఉన్నది కూడా అదే," అన్నారు మామ. "డాక్టరు ఎదురుగా వాడేది తొంభై పందొమ్మిది. ఇంట్లో వాడుకునేది తొంభై అయిదు. చెమట పట్టినా పట్టకపోయినా." కళ్ళు నులుముకున్నారు. "నీ ల్యాప్‌టాప్ తెరువు."

ఆయన చెప్తుంటే నేను టైపు చేశాను. మొత్తం పదకొండు వాక్యాలు. ఫలానా తానే ఈ యంత్రానికి నంబరు చెప్పానని. తన భార్య కాలికి దాన్ని వాడుతుండగా చూసి నిర్ణయించానని. మాన్యువల్ మొత్తం చదివించుకోవడం తన బాధ్యత అని, చదివించుకోలేదని. కొట్టు ఉద్యోగి తన మాట ప్రకారమే వర్ణన రాశాడని. సరైన నంబరు తొంభై అయిదు సున్నా ఆరు అని, తేడా కట్టడానికి దిగుమతిదారు సిద్ధమని.

నా వేళ్ళు ఆగాయి. "మామా, ఆ పేజీ వదిలేసింది నేను."

"చదవకపోవడం నీది. అడగకపోవడం నాది. రెండు పేర్లు పెడితే ఇద్దరూ కూడబలుక్కున్నారంటాడు ఆఫీసరు. ఒక్క పేరు చాలు. టైపు చెయ్యి."

"మీ మాట పోద్ది. రేపటి నుంచి ఎవరూ రారు."

"ప్రింటు తీసుకురా. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు, కనపడదు నాకు."

ఉత్తరం పనిచేసింది. నంబరు మార్చుకోనిచ్చారు. శెట్టిగారు సుంకం తేడా, జరిమానా కట్టి పెట్టెలు విడిపించుకున్నారు. ధర పెంచాల్సి వచ్చినా పక్షవాతం సైకిళ్ళు అమ్ముడయ్యాయి. నేను అదే స్టూల్ మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

అన్నది ఆయన్ని. పెద్దాయనకు చూపుతో పాటు మాట కూడా తగ్గిందని చిలకలూరిపేట వ్యాపారి ఒకరు అన్నారు. ఇంకొకరు గుంటూరులో ఎవరినో చూసుకున్నారు. శెట్టిగారు కూడా కొత్త సరుకుకు చెన్నై ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. వసారాలో బల్ల అలాగే ఉంది. బడ్జెట్ వచ్చినప్పుడల్లా మామ కత్తిరించి అంటిస్తూనే ఉన్నారు. చూపు ఆనక పంక్తులు వంకరగా పడేవి. ఆదివారాలు నేను వెళ్ళి సరిచేసేవాణ్ణి.

అలాంటి ఒక ఆదివారం అన్నాను, "నేను వాళ్ళందరికీ చెప్తా మామా. పేజీ సంగతి."

"చెప్పి ఏం జేస్తావు? నీకింకా ముప్పై ఏళ్ళు పనుంది. నాకు మధ్యాన్నం నిద్రొకటే పని." జిగురు గిన్నె నా వైపు తోశారు. "ఎండిపోతది, అంటించు."

అంటించాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన వద్దన్నారని ఎత్తలేదని అప్పట్లో అనుకున్నాను. నిజానికి వద్దన్నందుకు నాకు సంతోషమే వేసింది.

మూడేళ్ళు గడిచాయి. ఆయన పోయిన రోజు మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేశారు. నేనూ శెట్టిగారూ ఖబరస్తాన్ దాకా వెళ్ళి, తిరిగి వస్తూ టీ బండి దగ్గర ఆగాం.

"బంగారం లాంటి మనిషి," అన్నారు శెట్టిగారు. "ఆ ఒక్క సైకిల్ కాడే పప్పులో కాలేశాడు. పెళ్ళాం కాలు చూసి పుస్తకం మర్చిపోయాడు."

"ఆ మాన్యువల్ చివరి పేజీ నేను చదవలేదండీ. ఆయనకు చెప్పలేదు."

శెట్టిగారు గ్లాసు దించారు. నేను పద్నాలుగు అంశాల సంగతి, ఉత్తరం సంగతి మొత్తం చెప్పాను. విన్నంతసేపూ ఆయన రోడ్డు మీద పోయే గురజాల బస్సు వైపే చూస్తున్నారు.

"మూడేళ్ళు నా కొట్లో కూర్చుని, ఇప్పుడా నువ్వు చెప్పేది?"

"చెప్పొద్దన్నారండీ."

"ఆయన వద్దంటాడు. నువ్వేమన్నావు?"

నన్ను తీసేస్తారనే అనుకున్నాను. ఆయన టీ పారబోసి లేచారు. "నాకు కాదురా చెప్పాల్సింది. ఆ ఇంట్లో ఆమె ఉంది. ఆయన్ని నలుగురూ నాలుగు మాటలన్నది ఆమె విన్నది. పోయి ఆమెకి చెప్పు. చెప్పి కొట్టుకి రా."

నాలుగో రోజు వెళ్ళాను. భర్త పోయాక వాళ్ళలో కొన్ని నెలలు ఆడవాళ్ళు బయటి మగవాళ్ళకు ఎదురుపడరు. లోపలి గుమ్మానికి దుప్పటి కట్టి ఉంది. ఇవతల స్టూల్ మీద కూర్చుని, "అత్తా, నేను," అన్నాను. అవతల మోటారు చప్పుడు ఆగింది.

పేజీ సంగతి చెప్పాను. టీ బండి దగ్గర చెప్పినంత పొడుగు కాలేదు. నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

"నాకు తెలుసులే అబ్బాయ్," అంది దుప్పటి అవతల నుంచి. "మీరిద్దరూ ఉత్తరం రాసుకున్నరోజు నేను లోపలే ఉన్నాగా. మోటారు ఆపి విన్నా. నువ్వు పోయినాక అడిగా ఆయన్ని. ఆ పిలగాడి తప్పు నీ నెత్తినెందుకు ఏసుకున్నావు, ఇన్నేళ్ళ పేరు గదా, అని."

"ఏమన్నారు?"

"వాడి తప్పు కాదే అన్నాడు. వాడు మర్చిపోయాడు, నేను మర్చిపోలా అన్నాడు. చివరి పేజీలో ఏం ఉంటదో నాకు తెలుసు, అన్ని పెట్టెల్లోనూ అదే ఉంటది అన్నాడు. నీ కాలు తిరుగుతుంటే చూశా. చదవమని వాణ్ణి అడిగితే, ఇది వైద్యం కాదని వాడు చదివేవాడు. నాకు వినబుద్ధి కాలా అన్నాడు."

నేను ఆ ఉత్తరానికి ఒక నకలు దాచుకున్నాను. ఇంటికి వచ్చి తీసి చూశాను. పదకొండు వాక్యాలు. మూడేళ్ళుగా అది నన్ను కాపాడటానికి ఆయన రాసిన అబద్ధమనే నమ్ముతూ వచ్చాను. ఒక్కొక్క వాక్యం పక్కనా టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. పదకొండూ నిజాలే.